మొదటి కేక

కోకురా పట్నంలో పళ్ల డాక్టరు దగ్గర పేషెంట్ల పేర్లు పిలిచే హిసాకో గొంతు పక్క కుర్చీకి కూడా వినపడదు. గురువారం సెలవు రాగానే మాత్రం హైస్కూలు ముఠాల సినిమాకు పరుగెడుతుంది. పొడుగు నల్లకోట్ల కుర్రాళ్లు ఏటిగట్టు మీద కలబడుతుంటే, ఒళ్లో గొడుగును పీక నులిమినట్టు పట్టుకుంటుంది. అరవాలనే ఉంటుంది గానీ, తెరమీద చివరి పేరు పోయేదాకా ఆ ఊరి హాల్లో ఎవరూ కిక్కురుమనరు. ఈ వారం, స్నేహితుణ్ణి విడిపించడానికి ఒంటరిగా వచ్చిన హీరో బురదలో కుప్పకూలాడు.

“లేరా వెధవా! అక్కడ వాడు నీకోసం చూస్తున్నాడు, లే!” హిసాకో నిలబడి అరిచేసింది.

లేచాడు! “వెయ్యి! ఇంకొకటి వెయ్యి!” అంటూ హాలంతా హోరెత్తింది.

దీపాలు వెలిగాక ఆమె సిగ్గుతో చితికిపోయి, వరసవరసకీ వంగి క్షమాపణ చెప్పుకుంటూ వచ్చింది. చేతికర్ర పట్టుకున్న ముసలాయన కస్సుమన్నాడు.

“ఇంత ఆలస్యమా తల్లీ? మొదటి ఫైటు నుంచీ ఎవరు మొదలెడతారా అని చూస్తున్నా!”