చేటలో ఆడిన మ్యాచ్

రేపు సాయంత్రం మన దేశపు ఫుట్‌బాల్ జట్టు స్నేహపూర్వక మ్యాచ్ ఆడబోతోందని ఫోన్‌లో కనబడగానే, కళ్ళజోడు సవరించుకుని ఆ వార్తను రెండోసారి చదువుకున్నాను. గెలిస్తే కప్పు రాదు, ఓడితే కొంప మునగదు, అలాంటి ఆటకు ఈ వయసులో నాకింత ఆత్రమెందుకో మా కోడలికి అంతు పట్టదు. సోఫాలో నా పక్కనే కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని, "అత్తయ్యా, మీరు ఫుట్‌బాల్ ఆడేవారా ఏంటి కొంపదీసి?" అని నవ్వింది. ఆడలేదు గానీ ఆడించాను తల్లీ, అన్నాను. అలా అన్నానో లేదో, అద్దంకి దగ్గరి మా అత్తవారి ఊళ్ళో మిరపకళ్ళం ఘాటు ముక్కుకు తగిలినట్టయింది.

నేను కాపురానికి వెళ్ళింది ఎనభైల మొదట్లో. మా నాన్నగారు తాడేపల్లి వైపు ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఆయన గ్రౌండులో సున్నంతో గీతలు గీస్తుంటే డబ్బా పట్టుకుని వెనకాలే తిరిగినదాన్ని కాబట్టి, తోటి ఆడపిల్లలు ముగ్గులు నేర్చుకునే వయసులో నేను పెనాల్టీ బాక్సు నేర్చుకున్నాను. మెట్టినింట్లో ఆ విద్య ఎవరికి కావాలి? మావారు ఉద్యోగరీత్యా సింగరాయకొండ వైపు తిరుగుతూ ఆదివారాలే ఇంటికి వచ్చేవారు, ఆయనదేమో క్రికెట్ పిచ్చి. మిగిలింది అత్తగారూ, మామగారూ, వాకిలి అవతల ఎర్రగా పరుచుకున్న మిరపకాయలూ.

మామగారు మాట పొదుపు మనిషి. మా తరంవాళ్ళకు చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో కోడలు మామగారి ఎదుట కూర్చునేది కాదు, ఆయనా కోడలితో నేరుగా మాట్లాడేవారు కాదు. నాతో చెప్పాల్సింది అత్తగారితో అనేవారు, నేను తలుపు వెనక నుంచి వినేదాన్ని, నా జవాబు కూడా అత్తగారి మీదుగానే వెళ్ళేది. పాపం, ఆవిడ మా ఇద్దరికీ పోస్టాఫీసు. మామగారి కుడికాలి బొటనవేలికి గోరు ఉండేది కాదు. గుంటూరులో చదువుకునే రోజుల్లో ఒట్టి కాళ్ళతో ఫుట్‌బాల్ ఆడి పోగొట్టుకున్నారనీ, వాళ్ళ నాన్నగారు పోవడంతో చదువూ ఆటా ఒక్కరోజే వదిలేసి నాగలి పట్టారనీ నాకు చెప్పింది అత్తగారే.

ఆ ఏడు కళ్ళంలో కాయలు ఎండుతుండగా, తూర్పు ఐరోపా నుంచి ఒక జట్టు వచ్చి కలకత్తాలో మనవాళ్ళతో స్నేహపూర్వక మ్యాచ్ ఆడుతుందనీ, రేడియోలో ఇంగ్లీషులోనూ హిందీలోనూ కామెంటరీ వస్తుందనీ పేపర్లో ఓ మూల పడింది. మామగారికి హిందీ రాదు, ఇంగ్లీషు చదివితే తెలుస్తుంది గానీ ఆ వేగంలో వింటే తెలియదు. ఆ పూట భోజనం దగ్గర, అత్తగారి వైపు చూస్తూ, "ఆ అమ్మాయి డిగ్రీ చదివిందిగా, వాళ్ళు చెప్పేది తెలుగులో చెబుద్దేమో అడుగు" అన్నారు. నేను తలుపు వెనక నుంచే, చెబుతానని చెప్పండత్తయ్యా, అన్నాను. ఆ చిన్నమాటకు నాకు ఎంత సంతోషమైందంటే, లోపలికి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాను. కొత్త ఇంట్లో నేను పనికొచ్చే చోటు ఒకటుందని అప్పుడే తెలిసింది.

మర్నాడు కళ్ళంలో ఓ చేట కనిపించింది. తాలుకాయలంటే మీకు తెలిసే ఉంటుంది, రంగు పోయి తెల్లబారిన పుచ్చు మిరపకాయలు, మంచివాటిలోంచి ఏరి పక్కన పోస్తారు. చేటకు ఓ కొసన పదకొండు ఎర్రకాయలు, రెండో కొసన పదకొండు తాలుకాయలు, తొడిమలు ఒకదానికొకటి ఎదురుగా పెట్టి ఉన్నాయి. చూడగానే నవ్వొచ్చింది. మనవాళ్ళు ఎర్రకాయలు, దొరలు తాలుకాయలు! కూలీలకు మజ్జిగ ఇచ్చి వస్తూ, ఎవరూ చూడకుండా, వెనక నిలబడ్డ పొట్టి ఎర్రకాయ నొకదాన్ని ఎడమ అంచుకు తోశాను. సాయంత్రం చూద్దును కదా, ఆ కాయ అక్కడే ఉంది, దానికి సాయంగా ఇంకొకటి పక్కకు జరిగింది.

అలా మా సంభాషణ మొదలైంది. పొద్దున్నే మామగారు ఒక ఎత్తు వేసి పొలానికి వెళ్ళేవారు, నేను ఒక కాయ జరిపేదాన్ని. నచ్చితే ఉంచేవారు, నచ్చకపోతే తిరిగి వెనక్కి పెట్టేవారు. అత్తగారు ఓ రోజు పోపులోకి కాయ దొరక్క చేటలోంచి తీసేసరికి మన సెంటర్ ఫార్వర్డు పప్పులో పడ్డాడు. మామగారు కంచం ముందు కూర్చుని ఆ కాయను వేళ్ళతో పైకెత్తి చూసి నిట్టూరిస్తే, "ఏందయ్యా ఇది, కూలోళ్ళు నవ్వుతున్నారు, ముసలోడికి చాదస్తం పట్టిందని" అని ఆవిడ మందలించింది. తలుపు వెనక నేను నోట్లో కొంగు కుక్కుకున్నాను.

మ్యాచ్ రోజున మధ్యాహ్నం రేడియో పెట్టి చూస్తే గొంతు పీలగా వచ్చింది. మామగారు సెల్స్ తీసి, అప్పట్లో మనందరం చేసిన పనే చేశారు, ఎండకు కాస్త బలం పుంజుకుంటాయని కళ్ళం అంచున కాయల పక్కన ఎండలో పెట్టారు. అంతలో పడమట మబ్బు పట్టింది. ఇక చూసుకోండి, ఆయనే కేకలేసి అందర్నీ పరుగులు పెట్టించారు; ఎండిన కాయలన్నీ కుప్పకు లాగడం, గోతాల్లో పోసి తొక్కడం, నిండిన ఆ టిక్కీల మూతులు కుట్టేసి లారీ కెక్కించడం, అంతా ఊపిరి తిరక్కుండా జరిగిపోయింది. తీరా ఒక్క చినుకూ పడలేదు. లారీ ఊరు దాటాక, ఆయన కళ్ళం అంచుకు వెళ్ళి నిలబడిపోయారు. సెల్స్ కాయలతో పాటే టిక్కీలో పడి గుంటూరు మిర్చి యార్డుకు ప్రయాణమయ్యాయి.

ఊళ్ళో కొట్లో కొత్త సెల్స్ లేవు. నాలుగిళ్ళ అవతల ఇంకో రేడియో ఉంది, "పోయి ఆడ వినరాదంటయ్యా" అని అత్తగారు రెండుసార్లు అంది. ఆయన వెళ్ళలేదు. పరాయి వాకిట్లో పదిమంది మగవాళ్ళ మధ్యకు కొత్త కోడల్ని తీసుకెళ్ళడం కుదరదు, నేను లేకుండా ఆయన వింటే అర్థం కాదు. అర్థం కాకపోయినా వినొచ్చు కదా! నన్ను వదిలి వెళ్ళడం ఆయనకే మనసొప్పలేదని నాకు తెలుసు. వసారాలో కూర్చుని, చేట ముందు పెట్టుకుని, తలుపు వైపు తిరిగి, "అమ్మాయ్, ఇట్టా వచ్చి కూచో. ఆట టైమయింది, నువ్వే చెప్పు" అన్నారు.

ఆయన నాతో నేరుగా అన్న మొదటిమాట అది. నేను అత్తగారి వైపు చూశాను, ఆవిడే పీట తెచ్చి వేసింది. పీట అంచున కూర్చున్నాను. చిన్నప్పటి నాన్నగారి గ్రౌండు తలుచుకుని మొదలుపెట్టాను, బంతి మనవాళ్ళ దగ్గరే ఉందనీ, ఎడమవైపు నుంచి పొట్టివాడు దూసుకు వస్తున్నాడనీ, నేను చెబుతుంటే ఆయన కాయలు జరుపుతున్నారు. తాలుకాయలు ఒక గోల్ వేస్తే ఆయన మొహం మాడిపోయింది, చూడలేక వెంటనే సమం చేయించాను. చివర్లో మా పొట్టికాయ గోల్ కొట్టినప్పుడు ఆయన తొడ చరిచి, "కొట్టాడ్రా!" అని అరిచిన అరుపుకు చూరు కింది పిచ్చుకలు లేచిపోయాయి. అత్తగారు కూడా నవ్వింది.

మర్నాడు బస్సులో పేపరు వచ్చింది. మనవాళ్ళు చిత్తుగా ఓడిపోయారు. తలుపు దగ్గర బిక్కమొహంతో నిలబడ్డ నన్ను చూసి మామగారు పేపరు మడిచి పక్కన పెట్టి, "పేపరోళ్ళు ఏదో ఒకటి రాస్తార్లే అమ్మాయ్. మనం చూళ్ళేదూ!" అన్నారు. ఆ తర్వాత ఆయన ఉన్నన్నాళ్ళూ మా మధ్య అత్తగారి పోస్టాఫీసు అవసరం రాలేదు. గుంటూరు యార్డులో మచ్చు తీస్తుంటే సెల్స్ బయటపడ్డాయనీ, "కాయల్తో పాటు కరెంటు కూడా అమ్ముతున్నారా పెద్దాయనా" అని అక్కడివాళ్ళు ఆట పట్టించారనీ నాకు ఆయనే చెప్పి, కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వారు.

ఇప్పుడు ఎవరెక్కడ నిలబడతారో ఫోనే బొమ్మ గీసి చూపిస్తోంది, కామెంటరీకి తెలుగు చెప్పేవాళ్ళ అవసరమూ లేదు. కోడళ్ళు అత్తల పక్కన కాళ్ళు చాపుకుని కూర్చుంటున్నారు, నాకదే బాగుంది, ఆ తలుపు వెనక చోటు ఎవరికీ వద్దు. అయినా ఇందాక ఆశ చావక, వంటింట్లోంచి మిరపకాయల ప్యాకెట్ తెచ్చి, కోడలి ఎదుట పళ్ళెంలో పదకొండు కాయలు పేర్చాను. అవతలి జట్టుకోసం ప్యాకెట్టంతా వెతికాను. తొడిమలు తీసేసిన ఎర్రటి కాయలే అన్నీ, ఒక్క తాలుకాయ లేదు. అందరూ మనవాళ్ళే. పొట్టికాయ నొకదాన్ని ఎడమ అంచుకు తోసి, జవాబుగా ఇంకో కాయ జరిపేవారు లేక రేపు పొద్దున అది అక్కడే ఉంటుందని తెలిసీ, పళ్ళెం అలాగే ఉంచాను.