తడి గోనె, పొద్దుటి బండి

స్టేషన్లో గంట మోగిందంటే ఇప్పటికీ నా చేయి తడి గోనె కోసం తడుముతుంది. గంప దించేసి రెండేళ్లయినా ఆ అలవాటు పోలేదు. నాకు సంతకం వరకే వచ్చు కాబట్టి నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. రాయించేది నూకమ్మత్త గురించి. మీరు ఆమెను చూసి ఉండరు. రాజమండ్రి రేవులో చేపలమ్మేది. మనిషి పొట్టి, గొంతు మాత్రం అవతలి ఒడ్డుకి వినపడేది. మాకు చుట్టరికమేమీ లేదు, అయినా అత్తా అనే పిలిచేదాన్ని.

మా ఆయన వరదలో కొట్టుకుపోయిన ఏడాది సంగతి ఇది. మా తమ్ముడు వల వేసి పులసలు తెస్తే నేను వీధుల్లో తిరిగి అమ్మేదాన్ని. ఏటికి ఎర్రనీళ్లు వచ్చాయంటే అందరి గంపల్లోనూ పులసే, కొనేది మాత్రం ఆ నాలుగు వీధులవాళ్లే. మధ్యాహ్నం దాటితే చేప మెత్తబడిపోతుంది. సగం గంప ఏట్లోనే పారబోసి ఇంటికొచ్చిన రోజులున్నాయి. అది చూసి మొగల్తూరు నుంచి మా బావగారు వచ్చారు. "ఆదివారం పడవ తెస్తాను, మూట కట్టుకో. పిల్లతో సహా మా ఇంట్లో పడి ఉందువు గాని" అన్నారు. అక్కడ పడి ఉండటమంటే ఏంటో నాకు తెలుసు. ఆయన చెల్లెలు, భర్త పోయాక, పదేళ్లుగా ఆ ఇంట్లో పొయ్యి ముందు నుంచి లేవలేదు.

నూకమ్మత్త విని, "రేపు సామర్లకోట పోదాం" అంది.

"అంత దూరమా అత్తా? చేప నిలుస్తుందా?"

"నడిస్తే నిలవదు. కొత్తగా రైలు దారి పడింది కదే! పొద్దుటి బండెక్కితే ఎండ ముదరకముందే అక్కడుంటాం. వాళ్లు పులస పేరు విన్నారే గాని, మెరుస్తుండగా చూసినోళ్లు ఎంతమందని?"

మర్నాడు గంపలు బండిలోకి ఎక్కించాక చూస్తే చేపల మీద కప్పిన నా గోనె ఆరిపోయింది. తడపకపోతే చేప పాడవుతుంది. పడవైతే సరంగుకి ఒక కేక వేసి దిగుతాం, మనం వచ్చేదాకా తాడు విప్పడు. అలాగే గార్డుగారికి చెప్పాను, "అయ్యా, నూతి దగ్గర గోనె తడుపుకొస్తానండి, కాస్త ఆపండి" అని. ఆయన పచ్చజెండా ఊపాడు. సరేనన్నాడనుకున్నాను! తడిగోనె భుజాన వేసుకుని తిరిగొచ్చేసరికి పట్టాలు తప్ప ఏమీ లేవు.

మధ్యాహ్నం బండి దాకా అక్కడే కూలబడ్డాను. అత్తతో పాటు బండిలో వెళ్లిపోయిన నా గంప, పైన గోనె లేని చేప, పైగా ఆ ఎండ. మొగల్తూరు పొయ్యి కళ్ల ముందు కనిపించింది. తమ్ముడికి ఏమని చెప్పాలో కూడా తోచలేదు.

సామర్లకోటలో దిగేసరికి నూకమ్మత్త ప్లాట్‌ఫారం మీద రెండు గంపలూ బోర్లించి, ఒకదాని మీద కూర్చుని తమలపాకు నములుతోంది.

"గార్డుగారు చెప్పారు, బండిని ఆపమన్నావట కదే! మీ బావగారి పడవనుకున్నావా?"

నాకు ఏడుపు ఆగలేదు. "చేపలు పారబోశావా అత్తా?"

"పారబోయడమా! ఒక్కటి మిగల్లేదు. నా గోనె చించి సగం నీ గంప మీద కప్పాను. అదీ ఆరిపోతుంటే, బండిలో మన ఎదురుగా కూర్చున్న కోమటోళ్ల ఇల్లాలు లేదూ, ఎక్కినప్పట్నుంచి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది, ఆవిడే తన మంచినీళ్ల చెంబు వంచి పోసింది. 'నేను తిననమ్మా, కానీ పాడైపోతుంటే చూడలేను' అంది. కొన్నవాళ్లందరికీ నీ పేరే చెప్పాను. రేపు సత్తెమ్మ వస్తుందన్నాను. రాకపోతే నా మాట పోతుంది, ఏంటి చూస్తావు?"

అక్కడే నేలమీద కూర్చుని నవ్వాను. అంతమంది ముందు ఆడది అలా నవ్వకూడదని కూడా తోచలేదు.

ఆదివారం బావగారు పడవ తెచ్చారు. నేను ఇంట్లో లేను, సామర్లకోట బండిలో ఉన్నాను. రేవులో సాయంత్రం దాకా చూసి ఖాళీ పడవతో వెళ్లిపోయారట. మా అమ్మాయి ఈ అక్షరాలు నేర్చింది ఆ బండి పుణ్యానే. నూకమ్మత్త పోయేదాకా ఏటా మొదటి పులస ఆమె ఇంటికే పంపాను.

ఇందాక గంట మోగితే లేచి నిలబడ్డాను. "ఎక్కడికమ్మా?" అంది మా అమ్మాయి కలం ఆపి. ఎక్కడికీ లేదన్నాను. నన్ను తీసుకుపోవడానికి ఏ పడవా రావడం లేదు. మళ్లీ కూర్చుని, రాయమ్మా అన్నాను.