బాపును రానివ్వని కాలేజీ

ఆ రోజుల్లో మా సిద్దిపేటలో పదో తరగతి పాసైన ఆడపిల్లకు ఏ కాలేజీ నప్పుతుందో ఆ పిల్లను తప్ప అందరినీ అడిగేవారు. నన్ను మాత్రం మా బాపు అడిగాడు. "పట్నంల సదువుకుంట" అన్నాను. అమ్మ రెండు రోజులు తన కోపమంతా వంటింటి గిన్నెల మీద చూపించింది. బాపు మాత్రం, "సూసొస్తం. నచ్చకుంటే గీడనే సదువుతది" అని తీర్పు చెప్పి, నన్ను హైదరాబాదు బస్సెక్కించాడు. నచ్చాల్సింది నాకో ఆయనకో చెప్పలేదు (అడిగే ధైర్యం నాకూ లేదు).

బాపుది స్టీలు సామాన్ల దుకాణం. ఏ వస్తువునైనా వేళ్ళతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని గానీ నమ్మడు. మొదటి కాలేజీలో తలుపులూ బెంచీలూ అన్నీ అలాగే కొట్టి చూశాడు. ప్రిన్సిపాల్‌గారు గోడ మీది ఫోటోలు చూపించి, "మా ర్యాంకులు చూడండి" అన్నారు. బాపు ఒక్కొక్క ఫోటో దగ్గరా ఆగి, "గీ పిల్లలు నవ్వుతలేరేంది సార్?" అని అడిగాడు. "ఫోటో కదండీ" అన్నారాయన. "లోపట గూసున్నోళ్ళు గూడ నవ్వుతలేరు" అన్నాడు బాపు. నేను నా చెప్పుల వంక చూసుకుంటూ నిలబడ్డాను.

రెండో కాలేజీ ఒక ఫంక్షన్ హాలు పక్క మేడ మీద ఉంది. పాఠం ఎలా చెబుతారో చూస్తానని బాపు వెనక బెంచీలో కూర్చున్నాడు, నన్నూ కూర్చోబెట్టాడు. కింద ఎవరిదో పెళ్ళి, బ్యాండు మోగుతోంది. లెక్చరర్ చెప్పేది ఎవరికీ వినబడటం లేదు. అయినా పిల్లలంతా ఏదో రాసుకుంటుంటే, బాపు చెయ్యెత్తి, "సార్, జర గట్టిగ జెప్పుండ్రి" అన్నాడు. క్లాసంతా వెనక్కి తిరిగి నన్ను చూసింది (ఆయన్ని కాదు, నన్ను). ఇక సిద్దిపేటలోనే చదువుకుందామా అని మొదటిసారి అనిపించింది.

మూడోది ఆడపిల్లల కాలేజీ. గేటు దగ్గర వాచ్‌మన్ బదులు ఒక నడివయసు ఆవిడ స్టూలు మీద కూర్చుని ఉంది. "మొగోళ్ళు లోపటికి పోవద్దు" అంది.

"నేను మొగోణ్ణి గాదమ్మా, తండ్రిని" అన్నాడు బాపు.

"తండ్రయినా గీడనే ఉండాలె."

బాపు నా వంక చూశాడు. "పోయి సూసిరా బిడ్డా" అన్నాడు. ఆ గొంతులో తీర్పులేవీ లేవు.

అంతవరకు ఆయన లేని చోట ఉంటే చాలనుకున్నదాన్ని, పది అడుగులు వేసేసరికి రెండుసార్లు వెనక్కి తిరిగి గేటు వంక చూశాను. వార్డెన్ మేడం, "ఏమైనా అడగాలా?" అంటే ఒక్క ప్రశ్నా తోచలేదు. చివరికి, "నీళ్ళు బోరుయా, నల్లాయా?" అని అడిగాను. పక్కనున్న అమ్మాయి పకపకా నవ్వి, "ఏ ఊరు?" అంది. చెప్పాను. "మాది మిరుదొడ్డి, మీ పక్కనే. దా, నీళ్ళు జూపిస్త" అని చెయ్యి పట్టుకుని హాస్టలంతా తిప్పింది. లైబ్రరీలో నవ్వినందుకు ఇద్దరం కలిసి తిట్లు తిన్నాం. బయట ఒకరు ఎదురుచూస్తున్నారన్న సంగతే మరిచిపోయాను.

తిరిగొచ్చేసరికి స్టూలు మీద బాపు కూర్చుని ఉన్నాడు. గేటు ఆవిడ నిలబడి తన చాయ్‌లో సగం సాసరులో పోసి ఆయనకిస్తోంది. "ఎట్లుంది?" అన్నాడు. "మంచిగుంది" అన్నాను. నా మొహం కాసేపు చూసి, "గిదే ఖాయం" అన్నాడు.

"నువ్వు లోపట సూడనే లేదు గద బాపూ."

"కన్నతండ్రినే రానియ్యలే. ఇంగెవడొస్తడు?"

తిరుగు బస్సులో ఆ మాట ముందు కండక్టరుతో చెప్పాడు, తర్వాత పక్క సీటాయనతో, ఆ తర్వాత ప్రజ్ఞాపూర్‌లో ఎక్కిన ముసలమ్మతో. "మా బిడ్డ కాలేజిల నన్ను గేటుకాన్నే ఆపిన్రు" అని, ఏదో సన్మానం జరిగినట్టు. కుకునూరుపల్లి వచ్చేసరికి బస్సులో ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు. నేనెవరో ఆయనెవరో అన్నట్టు మొహం కిటికీకి తిప్పుకుని, ఊరొచ్చేదాకా పొలాలు చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు వీలుంటే, కిటికీకి మొహం తిప్పుకున్న ఆనాటి ఆ పిల్ల పక్కన కూర్చుని చెప్పాలని ఉంటుంది: పొలాలు ఎక్కడికీ పోవు, ఒక్కసారి ఇటు తిరిగి ఆయన మొహం చూడు, ఎంత వెలుగుతోందో.