కప్పు చప్పుడు, సీడీ ప్లేయరు

ముందే ఒప్పుకుంటున్నాను: ముప్పై ఏళ్లకు పైగా కప్పు కింద ఉద్యోగం చేసి, సొంత ఇంటి కప్పు ఏమంటోందో తెలుసుకోలేని మూర్ఖుణ్ణి నేను. వినకపోతే ఓ దారి. విన్నాను. విని, ఆ చప్పుడు సీడీ ప్లేయరుదని కాగితం మీద రాశాను కూడా.

రిటైర్మెంటుకు ఏడాది ముందు మే నెల. గోదావరిఖనిలో ఒక భూగర్భ గనికి సేఫ్టీ ఆఫీసరుగా ఉన్నాను. మాకు కప్పంటే టీ తాగేది కాదు. బొగ్గు తీసిన చోట తల మీద మిగిలే రాతి పొర. దాన్ని పరీక్షించడానికి ఒక కర్ర, ఒక చెవి చాలు. గట్టి కప్పు కింద నిలబడి, ముందున్న భాగాన్ని రెండుసార్లు కొట్టాలి. ఖంగుమంటే ఒక అడుగు వేసి, మళ్లీ రెండు దెబ్బలు. డబ్బుమని డొల్లగా పలికితే పొర విడిందన్నమాట. లోకంలో డబ్బు చప్పుడుకు భయపడేది మేమొక్కరమే. అప్పుడు నియమం ఒకటే: ముందు మనుషుల్ని బయటికి తీయాలి, కారణం తర్వాత వెతకాలి. కొత్తగా చేరినవాళ్లకు ఈ పాఠం చెప్పేది నేనే.

నా చెవికి ఉన్న ఆ పాటి పేరు విని మా బావమరిది రాజేశం వచ్చాడు. అతనికి కరీంనగర్‌లో ఆడియో సామాను దుకాణం. ఒక ఖరీదైన సీడీ ప్లేయరు తెచ్చి, ఇంట్లో వినడానికి ఎలా ఉందో పరీక్షించి రిపోర్టు రాసిమ్మన్నాడు. కొనడానికి వచ్చినవాళ్లకు చూపించుకుంటాడట.

"బావా, ఇది హై ఎండ్ మిషను. దీంట్ల ఉత్త సప్పుడుండది, పాటే ఉంటది. ఫ్యాను బంద్ చెయ్యాలె, కిటికీలు బంద్ చెయ్యాలె. గప్పుడు తెలుస్తది దీని సంగతి."

మే నెలలో గోదావరిఖనిలో ఫ్యాను ఆపి, కిటికీలు మూసి కూర్చున్నాక ఆ పేరు ఎందుకొచ్చిందో తెలిసింది. హై ఎండే.

ఆ గదిలోనే మా అత్తమ్మ మంచం. రాజేశానికి తల్లి. మామ పోయిన దగ్గర్నుంచి మా దగ్గరే ఉంటోంది. మామ కూడా గని మనిషే. షిఫ్టుకు ముందు కప్పు కొట్టి చూడడం ఆయన డ్యూటీ. కొసకు ఇనుప పొన్ను తొడిగిన ఆయన కర్ర గది మూలన అలాగే ఆనించి ఉండేది.

మిషను మంచిదే, అందులో అబద్ధం లేదు. వీణ సీడీ పెడితే తీగ మీద వేలు జారిన గీరుడు వినిపించింది. వాయించే ఆవిడ ఊపిరి పీల్చడం కూడా తెలిసింది. మూడో మధ్యాహ్నం, పాట అయిపోయి నిశ్శబ్దం పరుచుకున్నాక, ఎడమ వైపు నుంచి టక్, టక్. కాస్త ఆగి మళ్లీ టక్, టక్.

గది వాకిలి పక్క నుంచి వచ్చింది. మర్నాడు అదే చప్పుడు కొంచెం లోపలికి జరిగింది. ఆ మర్నాడు ఇంకొంచెం. "ధ్వని ఒక చోట నిలవక గదిలో విహరించుచున్నది" అని రిపోర్టులో రాసుకున్నాను. గుణమో దోషమో తేల్చుకోలేక పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.

అత్తమ్మ మాత్రం తేల్చేసింది. "అల్లుడా, మీద ఎవలో నడుస్తున్నరు."

మాది ఒంటి స్లాబు ఇల్లు. మేడ మీద నీళ్ల ట్యాంకు తప్ప ఏమీ లేదు. వెళ్లి చూశాను కూడా. మేడ మెట్ల తలుపుకు తాళం వేసే ఉంది.

"మీ మామ కట్టె సప్పుడు లెక్కనే ఉన్నది," అంది ఆమె, వాన వచ్చేలా ఉంది అన్నంత మామూలుగా.

రాజేశానికి ఫోన్ చేశాను. పడీ పడీ నవ్వాడు. "అవ్వకు వయసు మీదవడ్డది, నీకేమాయె బావా? మిషన్ల ఏం లేదు. నీ చెవుల్ల బొగ్గు నిండింది, దవాఖానల సూపించుకో." ఆ వారం చుట్టాల పెళ్లిలో ఈ మాట విస్తరి విస్తరికీ వడ్డించాడని తర్వాత తెలిసింది.

పౌరుషం వచ్చి పద్ధతిగా పరీక్ష మొదలుపెట్టాను. కుడి ఎడమ వైర్లు మార్చాను. దోషం ప్లేయరుదైతే చప్పుడు కుడికి మారాలి. మారలేదు. స్పీకర్లు అటూ ఇటూ జరిపాను. మారలేదు. చివరికి ప్లగ్గు పీకేశాను.

టక్, టక్. ఆగి, టక్, టక్.

ఈసారి సరిగ్గా అత్తమ్మ మంచానికి పైనున్న కప్పు నుంచి వచ్చింది. ఆమె వెల్లకిలా పడుకుని పైకి చూస్తోంది. నా వీపు మీద చెమట ఒక్కసారిగా చల్లబడింది. రెండు దెబ్బలు, ఒక అడుగు, మళ్లీ రెండు దెబ్బలు. నేను కొత్తవాళ్లకు నేర్పే వరస అది. వాకిలి నుంచి మంచం దాకా ఎవరో కప్పు చూసుకుంటూ వస్తున్నారు, నేనేమో వైర్లు మారుస్తున్నాను.

మూలనున్న పొన్నుకర్ర తీసుకున్నాను. వాకిలి దగ్గర కప్పును కొడితే ఖంగుమంది. నడుమ ఖంగుమంది. మంచానికి ఇవతల నిలబడి, చెయ్యి చాచి మంచానికి పైనున్న కప్పును కొట్టాను. డబ్బు.

"అత్తమ్మా, జర లేవుండ్రి."

"ఇప్పుడే ఒరిగిన గద బిడ్డా. ఏంది ఫికరు?"

వివరించడానికి ఆగలేదు. మా ఆవిడను కేకేశాను. ఇద్దరం ఆమెను లేపి నడిపించుకొచ్చి, మంచం కూడా వరండాలోకి లాగాం. ఆ సాయంత్రం మేం టీ తాగుతుండగా గదిలో పెద్ద చప్పుడైంది. మంచమంత పెచ్చు ఊడి, మంచం ఉన్న చోటే పడింది. దుమ్ము తగ్గాక చూస్తే పైన తుప్పు పట్టిన ఇనుప చువ్వలు కనిపించాయి. ట్యాంకు నీళ్లు ఏళ్లుగా కారి స్లాబులోకి దిగాయట. దగ్గరుండి ఆ స్లాబు పోయించిందీ, అక్కడ ట్యాంకు పెట్టించిందీ నేనే. నా కప్పు టీ చల్లారిపోయింది.

ఊడబోయే పెచ్చు టక్కుమంటుంది, అది నాకు తెలుసు. జతలు జతలుగా, అడుగు అడుగుకీ ఆగి అంటుందా అని తోటి ఇంజనీర్లను అడిగాను. అనదన్నారు.

ఆ వారం నేర్చుకున్నది కొత్తదేమీ కాదు, నేను చెప్పే పాఠమే: చప్పుడైతే మనిషిని ముందు తియ్యి, కారణం తర్వాత వెతుకు. నేను కారణాన్ని ముందు పట్టుకున్నాను, అదీ తప్పు కారణాన్ని. పాఠం చెప్పే నోటికీ వినే చెవికీ మధ్య జానెడు దూరం కూడా లేదు. ఆ కాస్త దాటడానికి నాకు ఒక ఉద్యోగకాలం పట్టింది.

గది బాగుచేయించాక రాజేశం మిషను కోసం వచ్చాడు. పెచ్చు సంగతి విని తల్లి చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చున్నాడు గానీ, చప్పుడు సంగతి ఎత్తితే మళ్లీ నవ్వాడు. సరే, తీసుకుపోయే ముందు ఒక పాట వినమన్నాను. కుర్చీలో కూర్చోబెట్టి, కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, తలుపు దగ్గరికి వేసి వచ్చాను. వీణ అయిపోయేదాకా బయట నిలబడ్డాను. నిశ్శబ్దం వచ్చాక మామ కర్రతో గోడను రెండుసార్లు కొట్టి, కర్ర కింద పెట్టేశాను.

రాజేశం వెంటనే బయటికి రాలేదు. కాసేపటికి వచ్చాడు. చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. రిపోర్టు అడగలేదు. మిషను కారులో పెట్టుకుని, స్టార్టు చేశాక అద్దం దించి మెల్లగా అడిగాడు.

"రెండు కొట్టి, ఆగి, మల్ల రెండు కొట్టినవ్. నువ్వే గద బావా?"

"నీ చెవుల్ల ఏమన్న నిండిందేమో రాజేశం," అన్నాను, "దవాఖానల సూపించుకో."

నేను కొట్టింది రెండే.