పాల్వంచ దాటాక ఒక నల్ల మచ్చ

కార్చిచ్చును వెంటాడుతూ అడవి అంచున ప్రాణాలకు తెగించిన సాహసగాథ ఇది. అలా మొదలుపెడితే బాగుంటుందని మొదలుపెట్టాను. నిజానికి ఖమ్మం బస్టాండులో ఇడ్లీ తిని ఎర్ర బస్సెక్కాను.

తొంభైల మాట. ఉపగ్రహ చిత్రాల్లో అడవి మంటల జాడ పట్టడం నా పరిశోధన. పాల్వంచ అవతల చిత్రంలో పెద్ద నల్ల మచ్చ కనబడింది. పాత మ్యాపులో అక్కడ దట్టమైన అడవి. కాబట్టి అది కాలిపోయిందని ఒక అధ్యాయమే రాసేశాను.

"వెళ్లి కళ్లతో చూసిరా. కాలలేదంటే నీ పీహెచ్‌డీ పోయినట్టే" అన్నారు ప్రొఫెసర్ గారు.

కొత్తగూడెంలో ఒక పెద్దమ్మ ఎక్కి పక్కన కూర్చుంది. బొగ్గుబాయిలో పనిచేసే అల్లుణ్ణి చూసి ఊరికి పోతోందట. నా చేతిలో చిత్రం చూసి ఉలిక్కిపడింది.

"అయ్యో బిడ్డా, మా అడివంత అంటుకున్నదా ఏంది?"

"లేదు పెద్దమ్మా. ఈ బొమ్మల ఎర్రగుంటే పచ్చటి చెట్లన్నట్టు. నల్లగుంటే కాలినట్టు."

"ఎర్రగుంటే పచ్చనా! గిట్ల సదివితే జీతం గూడ ఇస్తరా?"

"ఇంకా ఇస్తలేరు."

పదింటికి ఇద్దరం ఒకేచోట దిగాం. దారిలో ఆమె తన ఇప్పచెట్టు కింద ఎండుటాకులకు అగ్గిపుల్ల గీసింది. మంటల మీద మూడేళ్లుగా పరిశోధిస్తున్న నేను అడవిలో మంట చూడటం అదే మొదలు. వీరుడిలా దూకి రెండు కాళ్లతో తొక్కి ఆర్పేశాను. చెప్పు కరిగి పాదం చుర్రుమంది.

"పిచ్చి లేసిందా నీకు? ఆకు కాలవెడితెనే గద రాలిన పువ్వు కనవడేది, ఏరుకునేది!"

అక్కడ ఎవరి చెట్టు కింద వాళ్లు ఇలాగే కాల్చుకుంటారు. నాలుగు మంచాలంత మంట, ఉపగ్రహానికి ఆనదు. రెండో అగ్గిపుల్ల పెద్దమ్మ నా చేతే గీయించింది.

కుంటుకుంటూ నల్ల మచ్చ ఉండాల్సిన చోటికి చేరాను. ఒకాయన వల విసురుతున్నాడు.

"అన్నా, ఇక్కడ ఎప్పుడు కాలింది?"

"చెరువు కాలుడేంది తమ్మీ?"

మ్యాపు వచ్చాక కట్టిన చెరువట. ఉపగ్రహ చిత్రంలో నీళ్లూ నల్లగానే ఉంటాయి. ఈ సంగతి మాకు మొదటి ఏడాదే చెప్పారు. నేను కాలిపోయిందని రాసిన ప్రాంతంలో కాలిన పాదం ముంచి కాసేపు కూర్చున్నాను. హాయిగా ఉంది.

తిరుగుదారిలో కొత్తగూడెంలో దిగి, ఎస్టీడీ బూత్ నుంచి ప్రొఫెసర్ గారికి ఫోన్ చేశాను.

"సార్, అది చెరువు."

మీటరు చూస్తూ జేబులో చిల్లర లెక్కపెట్టుకున్నాను.

"నీళ్లున్నాయా?"

"చేపలు గూడ ఉన్నయి సార్."

"అయితే శీర్షిక మార్చు. 'అడవి మంటలను ఆర్పేందుకు అందుబాటులోని నీటి వనరులు'. మంట అన్నచోటల్లా నీళ్లని రాయి."

పీహెచ్‌డీ బతికింది. మళ్లీ బస్సెక్కి, సంచిలోంచి రాతప్రతీ పెన్నూ తీసి, ఖమ్మం చేరేలోపు అధ్యాయంలోని మంటలన్నీ ఆర్పేశాను.

మీరూ ఆ దారిన వెళ్తే ఎడమవైపు కూర్చోండి. పొద్దున పోయేటప్పుడూ సాయంత్రం వచ్చేటప్పుడూ ఎండ కుడివైపే కొడుతుంది.