మళ్లీ కొనుక్కునే ఆట

శనివారం. కార్తీకం వెళ్లిన మరుసటి వారం. ఆళ్లగడ్డ, విత్తనాల అంగడి మిద్దె.

హాజరైనవారు: అంగడి యజమాని, అంటే నా భార్య తమ్ముడు. ఆయన అల్లుడు. రిటైరైన కాంపౌండరు. శిరివెళ్ల నుంచి వచ్చే రిటైరైన బస్సు డ్రైవరు. నంద్యాల నుంచి నేను.

డైరీలో ఆ రోజు పేజీ ఇట్లా మొదలవుతుంది. కాలువల మీద ఉద్యోగం చేసిన రోజుల్లో గట్టు పనికి ఎవరెవరు వచ్చారో ముందు రాసుకుని, ఆ తర్వాతే పని సంగతి రాసేవాణ్ని. ఆ అలవాటు ఇంకా పోలేదు. కానీ ఆ పేజీలో హాజరు కింద ఒక్క మాటే ఉంది: "ఛీ." ఆ రోజు అంతకన్నా రాయడానికి చెయ్యి ఆడలేదు. మిగిలింది ఇప్పుడు రాస్తున్నాను.

మాది చాలా ఏళ్ల పేకాట. మూడు కట్టలు కలిపి ఆడే ఇరవైఒక్క ముక్కల రమ్మీ. మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెడితే సాయంత్రం బస్సు వేళకు ఆపేసేవాళ్లం. పందెం ఉండేది, లేకపోలేదు. అయితే గెలిచినవాడే అందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించాలని మా కట్టుబాటు. గెలిచినవాడి చేతిలో చివరికి మిగిలేది బజ్జీల నూనె మరకే. అందుకే ఆ ఆట అన్నాళ్లు నిలిచిందని నా నమ్మకం.

ఇంకో కట్టు కూడా ఉండేది. పారేసే ముక్కను పైకి చెప్పి పారేయాలి. "కళావరు ఏడు", "ఇస్పేటు రాణి", ఇట్లా. కాంపౌండరు ఒకసారి పారేసిన ముక్కను చడీచప్పుడు లేకుండా వెనక్కి తీసుకుంటూ దొరికిపోయాడు. అప్పుడు పెట్టిన కట్టు అది. ఒక దొంగ కోసం పెట్టిన కట్టు తర్వాత ఒక మంచివాడికి ఆసరా అయింది.

ఆ మంచివాడు డ్రైవరన్న. మా అందరికన్నా పెద్దవాడు. నంద్యాల నుంచి చాగలమర్రి దాకా ఆ రోడ్డు మీద బస్సు నడిపి రిటైరయ్యాడు. కొన్నేళ్లుగా ఆయన కళ్లు మందగించాయి. నీటికాసుల జబ్బని, పోయిన చూపు తిరిగి రాదని డాక్టరు చెప్పినట్టు ఆయన కోడలు నా భార్యతో అన్నది. ఆయన మాత్రం మాతో ఎప్పుడూ అనలేదు. మేమూ అడగలేదు. ముక్కలను ముఖానికి బాగా దగ్గరగా పెట్టుకుని పేర్చుకునేవాడు. పక్కవాళ్లు పారేసేవి చెవులతో వినేవాడు. ఆట బాగానే సాగేది.

"ఏమన్నా, ముక్కల్ని వాసన చూస్తాండావా?" అని నా బామ్మర్ది ఎగతాళి చేసేవాడు.

"నా ముక్కలు కాదప్పా, నీ చేతిలోవే కంపు కొడతాండాయి. ఈడిదాంకా వస్తాంది," అనేవాడు ఆయన. మేమందరం నవ్వేవాళ్లం. ఆ నవ్వులో విషం ఉండేది కాదు.

ఇట్లా ఉండగా బామ్మర్ది అల్లుడు వచ్చి చేరాడు. కోయిలకుంట్లలో ట్రాక్టరు స్పేర్ పార్టుల వ్యాపారం. నెమ్మదస్తుడు, పెద్దలు కూర్చున్నాకగానీ కూర్చోడు. ఫోన్లో పోకర్ బాగా ఆడేవాడట. ఫోన్లో డబ్బు ఆటలు ప్రభుత్వం ఆపించాక చేతులు ఊరుకోక, ఒక పెట్టె నిండా రంగురంగుల ప్లాస్టిక్ బిళ్లలు పట్టుకుని మా మిద్దె ఎక్కాడు. మాకు ఆ ఆట నేర్పాడు. ఒక్కొక్కరి చేతికి రెండు ముక్కలు. నడుమ బల్ల మీద ఐదు ముక్కలు కొన్నికొన్నిగా పరుస్తారు. చేతిలోవీ నడుమవీ కలిపి ఎవరి ఐదు గొప్పవైతే వారిది గెలుపు. ఐదూ ఒకే జాతివైతే పెద్ద చెయ్యి కింద లెక్క. ముక్కలు పడినప్పుడల్లా బిళ్లలు తొయ్యాలి, లేదా ముక్కలు పడేసి తప్పుకోవాలి.

మొదటి కొన్ని వారాలు టోర్నమెంటు పద్ధతిలో ఆడించాడు. అందరూ సమానంగా డబ్బు వేసుకుంటారు, అందరికీ సమానంగా బిళ్లలు. బిళ్లలు అయిపోయినవాడు లేచిపోవాలి, చివరిదాకా నిలిచినవాడిది ఆట. ఆట నాకు నచ్చిందనే చెప్పాలి. డ్రైవరన్నే అందరికన్నా ముందు ఓడిపోయేవాడు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, టీ తాగుతూ, మమ్మల్ని ఎగదోస్తూ కూర్చునేవాడు. పోయేది ఒక్కసారి వేసుకున్నదే. నడుమ పడిన ముక్కలను నేను పాత అలవాటు కొద్దీ పైకి చదివేవాణ్ని. ఎవరూ ఏమీ అనలేదు.

నేను లాభం వద్దనే మనిషిని కాను. పెళ్లిళ్లలో పదమూడు ముక్కల ఆట డబ్బుకే ఆడాను, గట్టివాళ్లతో ఆడాను. గెలిచిన రోజు ఇంటికి వచ్చే నడక వేరుగా ఉండేది. ఇరవైఒక్కటి సంతోషానికి, పదమూడు లాభానికి అని నాలో నేను వేరు చేసి పెట్టుకున్నాను. ఒక రోజు ఆ మాటే అల్లుడితో అంటే, తల ఊపాడు.

"కరెక్టు మామా. టోర్నమెంట్లో మజా ఎక్కువ, దుడ్లు తక్కువ. క్యాష్ ఆటలో మజా తక్కువ, దుడ్లు నిలకడ. యాది ఆడాలనేది బల్ల చుట్టూ ఎవరు కూచుండారో చూసి నిర్ణయం చేసుకోవాల."

తెలివైన మాటగానే తోచింది. ఆ చివరి ముక్కలో ఏముందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఆ శనివారం అల్లుడు బిళ్లల పెట్టె తెరుస్తూనే చెప్పాడు: "ఈపొద్దు టోర్నమెంటు వద్దు. క్యాష్ పద్ధతి ఆడదాం. బిళ్లలు అయిపోతే లేచిపోయే పనిలేదు. మళ్లీ కొనుక్కోవచ్చు."

"బాగుండాది, బాగుండాది," అన్నాడు కాంపౌండరు, తనకు ముందే తెలిసిన సంగతి విన్నట్టు.

మొదటి ఆటలోనే నడుమ ముక్కలు పడ్డాయి. నేను నోరు తెరిచాను. "ఆఠీను తొమ్మిది, కళావరు..."

"మామా, నడుమ ముక్కలు చదవద్దు," అన్నాడు అల్లుడు మెల్లగా. "ఈ ఆటలో మాట్లాడకూడదు. అందరికీ కనపడతాండాయి గదా."

అందరికీ కనపడుతున్నాయన్న ఆ మాట చేతిలోని ముక్కల్లోకి చూస్తూ అన్నాడు. నా బామ్మర్ది గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. కాంపౌండరు గొంతు సవరించుకున్నాడు. నేను ఏదో అనబోయాను. నాకన్నా ముందు డ్రైవరన్నే అన్నాడు.

"అవునప్పా, చదవాకు. మేమేమన్నా ఒకటో తరగతి పిల్లోళ్లమా?"

నేను చదవడం ఆపేశాను. చేతిలోని రెండు ముక్కలను ఆయన ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకోగలడు. బల్ల నడుమ ఉన్నవి ఆయనకు తెల్లని అట్టల మీద ఎర్ర మచ్చలు, నల్ల మచ్చలు. అంతే. ఆ మచ్చలను చూసి ఊహించుకుని బిళ్లలు తోస్తున్నాడు. కాసేపటికి ఒక ఆటలో ఉన్నవన్నీ తోసేశాడు. ముఖం వెలిగిపోతోంది. చేతిలోని రెండూ తిప్పి చూపించాడు. రెండూ ఆఠీన్లు.

"నడుమ మూడు, నావి రెండు. ఐదూ ఆఠీన్లే! ఇప్పుడు చెప్పండప్పా!"

నడుమ ఎర్రవి మూడు ఉన్న మాట నిజమే. వాటిలో ఒకటి డైమను.

"అది డైమను మామా," అన్నాడు అల్లుడు. గొంతులో ఎంత గౌరవమో. రెండు చేతులతో బిళ్లలన్నీ తన వైపు లాక్కున్నాడు. "ఇంకో కట్ట బిళ్లలు కొంటావా?"

"కొంటాండా. ఇయ్యి."

మొదటిసారి కాంపౌండరు నవ్వాడు. రెండోసారి అట్లాంటిదే జరిగినప్పుడు ఎవరూ నవ్వలేదు. నవ్వకపోవడమే నాకు ఎక్కువ రోతగా తోచింది. పొరపాటుకు నవ్వు వస్తుంది, ఆదాయానికి నవ్వు రాదు. ముగ్గురూ చాలా శ్రద్ధగా, జపం చేసుకునేవాళ్లలాగా ఆడుతున్నారు. వాళ్లలో వాళ్లు పోటీ పడటం లేదు. డ్రైవరన్న బిళ్లలు తోసినప్పుడు ఒకరు నిలబడి మిగతా ఇద్దరూ తప్పుకుంటున్నారు. నా చేతిలో మంచి ముక్కలు ఉన్నా పడేస్తూ కూర్చున్నాను.

చేతులు కడుక్కుందామని కిందికి దిగాను. మామా అల్లుళ్లు నాకన్నా ముందే బజ్జీలు చెప్పడానికి దిగారు. మెట్ల మలుపులో వాళ్ల మాటలు వినబడ్డాయి.

"టోర్నమెంట్లో ఐతే ఆయప్ప ఒకసారి ఓడి కూచుంటాడు మామా. ఇందులో ఐతే మళ్లీ మళ్లీ కొంటాడు. ఆయప్ప వచ్చినన్నాళ్లు ఇదే ఆడదాం."

"కాంపౌండరేమన్న్యాడు?"

"ఆయనేం అంటాడు? ప్రతి శనివారం పెట్టుకుందామంటాండాడు."

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను మిగిలిన మెట్లు దిగాను.

"ఆ మనిషికి చూపు లేదని మీ ఇద్దరికీ తెల్సు," అన్నాను.

"మెల్లగా బావా," అన్నాడు బామ్మర్ది, పై వైపు చూస్తూ.

"తెలిసి తెలిసి నడుమ ముక్కలు చదవద్దంటారా? కండ్లు కనపడనోని దగ్గర గుంజుకుని తినడానికి సిగ్గు ల్యాదా? ఆయన్ను పిలిస్తే ఇరవైఒక్క ముక్కలకు పిలవండి. ఈ ఆటకు పిలవద్దు."

బామ్మర్ది నేల చూపులు చూశాడు. అల్లుడు మాత్రం తొణకలేదు. స్పేర్ పార్టు ధర చెప్పినట్టు చెప్పాడు.

"బలవంతంగా ఎవరన్నా తెస్తాండారా మామా ఆయన్ని? ఇష్టపడే వస్తాండాడు. ఆయనకు సంతోషం, మనకు లాభం. రెండూ కుదిరినాయి గదా."

నా జీవితంలో చాలా వంకర మాటలు విన్నాను. కాలువ నీళ్ల దగ్గర అన్నదమ్ములు తలలు పగలగొట్టుకోవడం చూశాను. వాళ్లకు కోపమైనా ఉండేది. ఈ పిల్లవాడికి కోపం లేదు, ద్వేషం లేదు, చెడ్డపని చేస్తున్నానన్న బెరుకూ లేదు. సంతోషానికీ లాభానికీ పొంతన కుదిర్చాడు. సంతోషం ఒకరి దగ్గర, లాభం ఇంకొకరి దగ్గర.

పైకి వచ్చాక, వచ్చే శనివారం నుంచి మళ్లీ ఇరవైఒక్కటి ఆడదామన్నాను.

"ఎందుకప్పా? ఇదే బేగా అయిపోతాది, ఉషారుగా ఉండాది," అన్నాడు కాంపౌండరు. మెడలో కార్తీకంలో వేసుకున్న రుద్రాక్షమాల ఇంకా తీయలేదు.

"ఇదే ఆడదాం లే," అన్నాడు డ్రైవరన్న కూడా. "ముసలోళ్లం కొత్తది నేర్చుకోకూడదా ఏందీ?"

బజ్జీలు వచ్చాయి. గెలిచినవాడు తెప్పించే కట్టు కూడా పోయినట్టుంది. అల్లుడు ఎవరి వంతు డబ్బు వాళ్లను అడిగి తీసుకున్నాడు, డ్రైవరన్నను కూడా. నూనె చేతులతోనే వాళ్లు మళ్లీ బిళ్లలు ముట్టుకున్నారు. నేను బజ్జీ ముట్టలేదు. ఆ బిళ్లలు జిడ్డుగా మెరుస్తున్నాయి.

సాయంత్రం నేనూ డ్రైవరన్నా ఒకే బస్సు ఎక్కాం.  కొంతదూరం పోయాక, బస్సు వంగిన తీరును బట్టి, ఆయన ఇది ఫలానా మలుపు, ఈడ ఒక ఎండాకాలం టైరు పేలింది, ఆ రాత్రి ప్యాసింజర్లందరూ శనగచేలో పడుకున్నారు అని చెప్పడం మొదలుపెట్టాడు. చెబుతూ చెబుతూ తనే నవ్వుకున్నాడు.

"అన్నా, ఆ ఆట మనకొద్దు. మానుకుందాం," అన్నాను.

"ఏం, నీకు ఒక్క ఆటా రాల్యాదని కోపమా?" అని నా తొడ మీద చరిచాడు.

 శిరివెళ్లలో ఆయన పాదంతో మెట్టు తడుముకుంటూ దిగాడు. దిగాక, వెనక్కి చూడకుండానే, బస్సు ఒంటి మీద అరచేత్తో రెండుసార్లు కొట్టి "రైట్" అన్నాడు. కండక్టరు విజిల్ వేయాల్సిన పనిలేకుండానే బస్సు కదిలింది.

మరుసటి రోజు పొద్దున్నే ఆయన దగ్గర నుంచి ఫోను వచ్చింది.

"నేను గుడ్డోన్నని చెప్పినావంట గదా? నన్ను ఆటకు పిలవద్దన్న్యావంట?"

 తెల్లవారేలోపలే నా బామ్మర్ది ఆయనకు ఫోన్ చేసి ఉన్నాడు.

"అన్నా, నేనన్నది అట్ల కాదు. వాళ్లు నిన్ను..."

"దోచుకుంటాండారు. తెల్సు. ఆ పిల్లోడు బిళ్లలు గుంజుకునేటప్పుడు చప్పుడు ఇనపడదా నాకు? చెవులుండాయి గదా."

"తెలిసి ఎట్ల కూచుంటావన్నా ఆడ?"



"ఇంట్లో పొద్దుగూకులూ చెయ్యి పట్టుకుని నడిపిస్తాండారప్పా నన్ను. మిద్దె మీద ఎవరూ పట్టుకోరు. ఆడ నన్ను ఓడగొడతారు గానీ, గుడ్డోడన్న మాట ఎవరూ నోట అనరు. నువ్వన్న్యావు." తర్వాత ఇంకొక్క మాట అన్నాడు. "నువ్వు రావాకు లే ఇంక. నువ్వు చూస్తాంటే నాకు ఆట రాదు."

ఫోన్ పెట్టేశాడు.

నేను వెంటనే బామ్మర్దికి చేశాను. ఎత్తాడు.

"ఏమని చెప్పినావురా ఆయనతో?"

"టిఫిన్ చేస్తాండా బావా," అన్నాడు. "నువ్వన్నదే చెప్పినా. చూపు ల్యాదన్న్యావా, ల్యాదా? పిలవద్దన్న్యావా, ల్యాదా? నేనేమన్నా అబద్ధం కలిపినానా?"

కలపలేదు. నోట్లో ముద్ద నములుతూనే నా జవాబు కోసం ఆగాడు. ఆ నమిలే చప్పుడు వినలేక ఫోన్ పెట్టేశాను.