తారు అంటకుండా జగ్గయ్యపేట దాకా

ఇందులో ఒక్క ముక్క అబద్ధం ఉన్నా నా సైకిలు రెండు టైర్లూ నట్టెండలో, చుట్టుపక్కల మనిషి లేని చోట, ఒకేసారి పగిలిపోవాలి. పంపు ఇంట్లో మరిచిపోయి ఉండాలి. సైకిలు తొక్కేవాడికి ఇంతకంటే పెద్ద ఒట్టు లేదు. నందిగామలో నన్ను ఎరిగినవాళ్లు ఈపాటికే నవ్వుతూ ఉంటారు. మునేరు వరదలో మొసలి వీపు మీద కూర్చుని అవతలి ఒడ్డుకు చేరానని చెప్పినవాణ్ణి నేనే, ఒప్పుకుంటాను. ఇది అలాంటిది కాదు.

రెండేళ్ల కిందట నాకు షుగరు వచ్చింది, మా ఆవిడకు భయం పట్టుకుంది. నడవమన్నాడు డాక్టరు. నడక నాకు పడదు, నడిచేవాడి మాట వినేందుకు ఎవరూ ఆగరు. అందుకని సైకిలు కొన్నాను. లావు టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా వంకర తిరిగిన హ్యాండిలు. కంకర మీదా మట్టి మీదా పోయేందుకే చేసిన సైకిలట. ఇటలీలో కొండల మధ్య తెల్ల కంకర బాటల మీద, ఒక్క కారు కూడా ఎదురు రాకుండా, నాలాంటి బట్టతలలు ఇలాంటి సైకిళ్లు తొక్కుకుంటూ పోవడం ఫోనులో చూశాను. అది చూశాక నిద్ర పట్టలేదు.

నాతో తొక్కే మనిషి ఒకడే. ఇరవై ఏళ్లు లారీ నడిపి, ఇప్పుడు నందిగామలో స్పేరు పార్టుల కొట్టు పెట్టుకున్నాడు. సాయిబుల ఇంటి మనిషి, నాకు చిన్నప్పటి స్నేహితుడు. నన్ను బావా అంటాడు, నేను భాయ్ అంటాను. ఆ వీడియో చూపిస్తే, "ఇటలీ వాళ్లకి బర్రెలు అడ్డం రావా బావా?" అని అడిగాడు. రావన్నాను. "అయితే ఏం మజా?" అన్నాడు.

హైవే అంటే నాకంటే అతనికే భయం. "ఆ సీట్లో కూర్చున్నోడికి సైకిలు కనపడదు బావా. నాకు తెలుసు. ఎంతమందిని చూళ్లేదో నేను!"

మా ఆవిడ అయితే భయంతో ఆగలేదు. ఆ మాఘమాసంలో జగ్గయ్యపేటలో ఉండే వాళ్లక్క ఆదివారం భోజనానికి పిలిచింది. మా ఆవిడ బస్సులో వెళ్తుంది, నేను సైకిలు మీద వస్తానన్నాను. అప్పుడు హైవే మీద మళ్లీ తారు వేస్తున్నారు. తాజా తారు, ముట్టుకుంటే వదలదు.

"హైవే ఎక్కనని చెప్పండి," అంది.

"ఎక్కను."

"మీ మాట ఎవరికి కావాలండీ? అక్కావాళ్ల గేటు దగ్గర నేనే టైర్లు చూస్తా. ఎర్రమట్టి ఉంటే లోపలికి రండి. నల్లచుక్క ఒక్కటి కనపడిందా, సైకిలు మైలవరంలో మా తమ్ముడికిచ్చేస్తా. మామిడికాయల గంపలు కట్టుకుంటాడు."

అన్నంత పనీ చేసే మనిషి. ఆ పొట్టేలు కొమ్ములకు గంపలు వేలాడుతున్నట్టు ఆ రాత్రే కల వచ్చింది.

హైవే మీద ఎంత దూరమో, చేల మధ్య ఎడ్లబండ్లు పోయే డొంకల మీద దానికి ఇంచుమించు రెట్టింపు. పొద్దున్నే బయల్దేరాం. ముందు సాగరు కాలవ కట్ట. ఎర్ర గ్రావెలు కింద కరకరలాడుతూ ఉంటే, పక్కన నీళ్లు మనకంటే కాస్త నిదానంగా నడుస్తూ ఉంటాయి. మనమే గెలుస్తున్నామని మనసుకు హాయిగా ఉంటుంది. పత్తి తీసేసిన చేలల్లో కట్టె ఎండి నిలబడి ఉంది. ఎక్కడో ఎవరో మోటారు వేశారు. ఇటలీ వాళ్లకు లేని బర్రెలు మాకు నాలుగుసార్లు అడ్డం వచ్చాయి. ప్రతిసారీ భాయ్ దిగి, "అమ్మా, కొంచెం జరగండమ్మా," అని మర్యాదగా అడిగాడు. నాలుగోసారి ఒకటి నిజంగానే జరిగింది.

కాలవ వదిలాక తిప్పలు మొదలవుతాయి. మరీ పెద్ద కొండలు కావు, కానీ మోకాళ్లకు ఆ సంగతి తెలియదు. పైకి వెళ్లి చూస్తే మిరపచేలు ఎర్రగా, కల్లాల్లో ఆరబోసిన కాయ ఇంకా ఎర్రగా, దూరంగా సున్నపురాయి తవ్విన చోట తెల్లగా కనిపించాయి. ఇద్దరం ఒకే బాటిల్లో నీళ్లు తాగి చాలాసేపు కూర్చున్నాం. నాకు అంతకంటే ఏమీ అక్కర్లేదనిపించింది. దిగేటప్పుడు ఎంత వేగంగా దిగామంటే, నా నీడ వెనకబడిపోయింది. కింద తుమ్మచెట్టు దగ్గర ఐదు నిమిషాలు ఆగితే రొప్పుకుంటూ వచ్చి కలిసింది. భాయ్ నీడ ఇంకా ఆలస్యం, కాస్త లావు.

ఆ తుమ్మచెట్టు దాటాక అరమైలు పోయేసరికి డొంక అయిపోయింది.

మలుపు తిరగడం కాదు, అయిపోవడం. ఎదురుగా మిరపచేను. మా తాతల నాడు రెండు బండ్లు ఎదురెదురుగా వచ్చినా పక్కకు తప్పుకోనవసరం లేని డొంక అది. మా వైపు డొంకలు ఒక్కరోజులో పోవు. కుడిచేతి చేనాయన దున్నేటప్పుడు ఏటా ఒక సాలు డొంకలోకి జరుగుతాడు. ఎడమచేతి ఆయన అది చూసి తనూ ఒక సాలు జరుగుతాడు. ఇద్దరూ మంచివాళ్లే. పాతికేళ్లకు చేలు రెండూ కలుసుకుంటాయి, మధ్యలో గట్టు మాత్రం మిగులుతుంది.

ఎడమవైపు రెండు చేల అవతల హైవే. లారీల హారన్లు వినపడుతున్నాయి, తారు వాసన కూడా వస్తోంది. అటెక్కితే పావుగంటలో భోజనం, సాయంత్రానికి సైకిలు మైలవరం. వెనక్కి తిరిగితే మళ్లీ ఆ తిప్పలన్నీ ఎక్కాలి. పొద్దు నడినెత్తికి వచ్చేసింది.

నేను ఫోనులో పటం చూస్తూ, చెయ్యి చాపి డొంక ఎటు ఉండాలో భాయ్‌కి చూపిస్తున్నాను. నెత్తిన హెల్మెట్లు, కళ్లకు నల్లద్దాలు. కాయ కోస్తున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. కుడిచేతి చేనాయన తలకున్న తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని వచ్చాడు.

"సర్వేకొచ్చారా అండి?"

నా జీవితంలో మొదటిసారి అడగ్గానే నిజం చెప్పాను. "కాదండి. ఊరికే సైకిలు తొక్కుకుంటా జగ్గయ్యపేట పోతున్నాం."

"అట్టానే అంటారులెండి. పోయినేడు డ్రోను ఎగరేసినాయన కూడా పెళ్లి ఫొటోలన్నాడు."

"నిజంగా సర్వే కాదండి."

"ఆదివారంనాడు కూడా పంపిస్తున్నారంటే గట్టిగానే మొదలెట్టారన్నమాట. మజ్జిగ తాగండి ముందు. డొంక నేను కలుపుకోలేదండి, అదుగో ఆయన కలుపుకున్నాడు."

ఎడమచేతి ఆయన గట్టు మీద పరుగెత్తుకొచ్చాడు. "నేనా? నీ చేలో మూడు బోదెలు డొంకలోయి కాదూ? సార్, రండి, నే చూపిస్తా."

"నువ్వేం చూపిస్తావ్? నేనే చూపిస్తా!"

అప్పుడు భాయ్ మెల్లగా, "డొంక ఎక్కడుందో ఇద్దరూ నడిచి చూపించండి, మేం వెనకాల వస్తాం," అన్నాడు. చక్రాలు పడితే చెట్లు పాడవుతాయని కుడిచేతి ఆయన నా సైకిలు భుజానికెత్తుకున్నాడు. అది చూసి ఎడమచేతి ఆయన భాయ్‌ది ఎత్తుకున్నాడు. అడుగడుక్కీ ఒకరినొకరు రెండోవారి చేలోకి నెట్టుకుంటూ అవతలి చివర దాకా మమ్మల్ని దాటించారు. మిరప ఘాటుకి నేను పదకొండుసార్లు తుమ్మాను. ప్రతి తుమ్ముకీ ఇద్దరూ ఆగి, ఏమైనా తప్పు దొరికిందా అన్నట్టు నా మొహంలోకి చూశారు.

జగ్గయ్యపేటలో గేటు దగ్గర మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని వంగింది. ముందు చక్రం తిప్పి చూసింది, వెనకది తిప్పి చూసింది. ఎర్రమట్టి, ఒక మిరపాకు. "రండి, చల్లారిపోతున్నాయి," అంది. వాళ్లక్క చేసిన గోంగూర మాంసం, భాయ్‌కి వేరేగా తెప్పించిన హలాలు కోడి. అంత ఆకలితో నేను మళ్లీ తినలేదు.

నెల తిరక్కుండానే అటు వెళ్తే డొంక తెరుచుకుని ఉంది. రెండు వైపులా సాళ్లు వెనక్కి తీశారు. కాయ కోసే ఆడవాళ్ల ఆటో చేను దాకా వచ్చి ఆగి ఉంది, ఇదివరకు వాళ్లు హైవే పక్కన దిగి నడిచొచ్చేవాళ్లు. మాకు ఇంటి దగ్గర్నుంచి పేట దాకా ఇప్పుడు తారు ముట్టే పని లేదు. ఆదివారం ఆదివారం పోతున్నాం.

ఇక ఒట్టు సంగతి. ఇందులో ఒకచోట కల్పించాను. సర్వేకొచ్చారా అని ఆయన అడిగినప్పుడు నిజం చెప్పానన్నానే, అక్కడ. నేను కాదనలేదు. నల్లద్దాలు సర్దుకుని "ఊఁ" అన్నాను, భాయ్ వైపు తిరిగి "రాసుకోండి" అన్నాను. డ్రోను మాట ఆయన అన్నదే, కాకపోతే వేరే సందర్భంలో. భాయ్ ఆ రోజు పేట వచ్చేదాకా నాతో మాట్లాడలేదు. గేటు కనపడ్డాక మాత్రం సైకిలు దిగి, కడుపు పట్టుకుని నవ్వాడు.

ఆ ఊరి పేరు అందుకే రాయలేదు. ఈసారి ఆగి అసలు సంగతి చెప్పేద్దామని ప్రతి ఆదివారం అనుకుంటూనే వెళ్తాను. కుడిచేతి ఆయన మమ్మల్ని దూరం నుంచే చూసి తువ్వాలు తీస్తాడు. ఎడమచేతి ఆయన లేచి నిలబడతాడు. నేను ఒక చెయ్యి ఎత్తి, ఆగకుండా తొక్కుకుంటూ వెళ్లిపోతాను.